పేరమ్మ చెయ్యి

"చెయ్యి కడుక్కున్నావా?" అన్నాడు బసవేశ్వరరావు.

"కడుక్కున్నానండి."

"మళ్ళీ కడుక్కో. చేపల కంపు."

పేరమ్మ మళ్ళీ కుళాయి దగ్గరికి నడిచింది.

దుగ్గిరాల యార్డులో ముప్పయ్యేళ్ళు పసుపు వ్యాపారం చేసి, తెనాలిలో మేడ కట్టిన మనిషి బసవేశ్వరరావు. లివరు చెడి, ఏడాదిగా ఒళ్ళంతా ఒకటే దురద. గోకి గోకి కాళ్ళు పుండ్లు పడ్డాయి. మందులతో పాటు లావెండర్ నూనెతో మర్దనా కూడా చేయించమని డాక్టరే పేరమ్మను పంపాడు. రేపల్లె దగ్గరి జాలరి పల్లె నుంచి రోజూ ప్యాసింజరు బండిలో వస్తుంది.

"సెంటు నూనె రాస్తే లివరు బాగుపడుద్దా? నన్నేమన్నా పిచ్చోణ్ణనుకున్నారా?" అన్నాడు భార్య శివపార్వతితో, పేరమ్మకు వినపడేలా.

"జబ్బు తగ్గదండి. దురద నెమ్మదిస్తదండి, అంతే," అంది పేరమ్మ.

"నిన్నడిగానా?"

పుండ్లు తప్పించి, చర్మం లాగకుండా, అరచేత్తో మెల్లగా రాసేది. పావుగంటలో అతను గురకపెట్టేవాడు. లేచాక మాత్రం, "ఈ మాత్రం ఎవరైనా రాస్తారు," అనేవాడు.

శివపార్వతి ఆమెకు స్టీలు గ్లాసులో కాఫీ ఇవ్వబోతే ఆపి, కాగితం కప్పులో పోయించాడు.

రెండు నెలలు గడిచాయి. వరసగా మూడు రోజులు పేరమ్మ రాలేదు. నాలుగో రోజు గోడ పట్టుకుని మెట్లెక్కింది.

"ఒంట్లో బాగోలేదండి."

"మీ ఒళ్ళకేమొస్తది? ఎండకీ ఉప్పునీళ్ళకీ రాటుదేలినవి. బతిమాలించుకుందామని వేషాలు. ఇంక రావద్దు."

ఆమె నూనె సీసా శివపార్వతి చేతికిచ్చింది.

"గట్టిగా రుద్దకండి అమ్మగారూ. పైపైన రాయండి," అని చెప్పి, మెల్లగా మెట్లు దిగింది.

శివపార్వతి రాసింది. చీరాల నుంచి ఇంకొకామెను పిలిపించారు. ఎవరు రాసినా అతనికి కన్ను మూతపడలేదు.

నెల తిరక్కుండానే డాక్టరు ముందు కూర్చున్నాడు.

"ఆ చేపల మనిషినే మళ్ళీ పంపండి సార్. పొగరుంటే ఉంది, చెయ్యి మంచిదే."

డాక్టరు రాస్తున్న పెన్ను ఆపాడు.

"పేరమ్మ పోయిన సోమవారం చనిపోయిందండి."

"ఏం జబ్బు?"

"మీ జబ్బేనండి," అన్నాడు డాక్టరు. "ఆమెకు మీకంటే పదేళ్ళ ముందే వచ్చింది, ఒళ్ళంతా ఆ దురదతోనే రోజూ మీకు నూనె రాయడానికొచ్చేది."