పాతబట్టల అవ్వ

దండెం మీద దుర్గేశ్ బనీను లేదు.

ముగ్గురు పిల్లలున్న ఇల్లు. ఒకరికి పొడి బట్ట తొడిగేలోపు ఇంకొకరు తడిపేస్తారు. పైగా మల్లీశ్వరికి ఇప్పుడు ఏడో నెల. ఆ ఇంట్లో ఒక్క బనీను పోయినా తెలిసిపోతుంది.

గల్లీ చివర పాతబట్టల అవ్వ నెత్తిన మూటతో పోతూ కనిపించింది. వారానికోసారి వస్తుంది. ఎవరో, ఎక్కడుంటుందో ఎవరూ అడగలేదు. "పిల్లల పాతబట్టలుంటే ఇయ్యండి బిడ్డా" అని ప్రతి వాకిట్లో నిలబడుతుంది. స్టీలు గిన్నెలవాడికి వేసి గిన్నెలు తీసుకుంటుందని గల్లీ మొత్తం తీర్మానించేసింది.

మల్లీశ్వరి పొయ్యి మీది అన్నం దించి, చేతిలోని మసిగుడ్డతోనే పరుగెత్తింది.

"అవ్వా, ఆగు! మూట ఇప్పు."

"ఏమైంది బిడ్డా?"

"నా కొడుకు బనీను పోయింది. ఇప్పు ముందు."

అవ్వ నడి గల్లీలో మూట విప్పింది. మడతలు పెట్టిన చిన్న చిన్న చొక్కాలు, గౌన్లు. బనీను లేదు.

"యాడ దాచినవ్?"

"అడిగి తీస్కుంట బిడ్డా. అడగంది తీస్కోను."

ఆ నెమ్మది చూసి మల్లీశ్వరికి ఇంకా మండింది. చేతిలోని మసిగుడ్డను ఆమె ముందు విసిరికొట్టింది.

"పాతబట్టలే గద నీకు కావాల్సింది? ఇగో, తీస్కపో. మల్ల మా గల్లీల కనిపియ్యకు."

ఆ మసిగుడ్డ ఒకప్పటి పసుపుపచ్చ గౌను. పెద్దకూతురు సంతోషిని దవాఖాన నుంచి ఇంటికి తెచ్చినప్పుడు ఒంటి మీద ఉన్నది. అత్త కొన్నదే అనుకుంది మల్లీశ్వరి. తర్వాత దుర్గేశ్ వేసుకున్నాడు, ఆ తర్వాత రమ్య. చివరికి భుజం దగ్గర చిరిగి పొయ్యి దగ్గరికి చేరింది.

అవ్వ దాన్ని దులిపింది. బేరం చేసేవాళ్లు సరుకు చూసినట్టు మెడపట్టీ తిప్పి లోపల చూసింది. ఎందుకో ఆమె మొహం విప్పారింది.

"ఎంతమందికి తొడిగినవ్ బిడ్డా?"

"ముగ్గురికి. ఐతే ఏంది?"

"ముగ్గురు పెరిగిన బట్ట. మంచిగ వాడినవ్."

మడతపెట్టి, మూటలో అన్నిటికన్నా పైన పెట్టుకొని వెళ్లిపోయింది.

ఇంటి వెనక మేకపిల్ల అరిచింది. మల్లీశ్వరి వెళ్లి చూస్తే, అది బనీను వేసుకొని ఉంది. నాలుగేళ్ల దుర్గేశ్ దాని చెవులు బయటికి లాగి సర్దుతున్నాడు. రమ్య చప్పట్లు కొడుతోంది.

"దానికి సలి పెడ్తుందే అమ్మా" అన్నాడు.

"నేను వద్దన్న" అని సంతోషి ముందే తప్పించుకుంది.

మల్లీశ్వరికి నవ్వాగలేదు. నవ్వు పూర్తి కాకముందే అవ్వ గుర్తొచ్చింది. గల్లీలోకి పరుగెత్తింది కాని, అప్పటికే ఆమె లేదు.

పై వారం వస్తే చాయ్ పోసి, తప్పైందని చెప్పాలనుకుంది. పై వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. కనిపియ్యకు అన్నది తనే.

ఇంకా నెల రోజులుందనగా నొప్పులొచ్చాయి. మనూర్ రూటులో ఆటో నడిపే భర్త బస్వరాజ్ సవారీలను దించేసి వచ్చి, ఆమెతో పాటు ముగ్గురు పిల్లల్నీ ఎక్కించుకొని సర్కారు దవాఖానకు తోలాడు.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత ఉంది. చలికి ముడుచుకుపోతోంది.

"పాపకు బట్టలేవి?" అడిగింది నర్సు రిబ్కమ్మ.

పుట్టకముందే బట్టలు సిద్ధం చేసుకోవడం ఆ ఇంట్లో లేదు. బస్వరాజ్ ఉరికి పోయి ఎదురు దుకాణంలో కొత్త టవల్ తెచ్చాడు.

"కొత్తది గుచ్చుకుంటదన్నా. పాతదే మెత్తగుంటది."

రిబ్కమ్మ బీరువా తెరిచి ఒక మడత తీసింది. పాపకు తొడిగి మల్లీశ్వరి పక్కన పడుకోబెట్టింది. కాసేపటికి పాప పిడికిళ్లు సడలాయి. హాయిగా నిద్రపోయింది.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న సంతోషి అరిచింది. "అమ్మా, మన పచ్చగౌను!"

"నాది" అన్నాడు దుర్గేశ్.

"నాది" అంది రమ్య. దేన్ని చూసినా రమ్య అదే మాట అంటుంది.

అవును, ఆ పసుపుపచ్చ గౌనే. మసి లేదు. భుజం దగ్గర చిరుగు సన్నగా కుట్టి ఉంది. ఎండలో ఆరిన వాసన వస్తోంది.

"గిది యాడిది సిస్టర్?"

"కాశమ్మ అని ఒక అవ్వ ఇచ్చింది. ఇల్లిల్లు తిరిగి అడుక్కొచ్చి, వేన్నీళ్లల్ల ఉడకబెట్టి, చిరుగులు కుట్టి తెచ్చిస్తుండె. ఇరవై ఏండ్ల సంది గదే పని. ఈడ పుట్టిన ఏ బిడ్డా సలికి వణకొద్దంటుండె."

మల్లీశ్వరి లేచి కూర్చోబోయింది.

"ఆమెకు నేనొక మాట చెప్పాలె సిస్టర్. యాడుంటది?"

"పోయి పది దినాలాయెనమ్మా. గిది ఆమె తెచ్చిన ఆఖరి మూటలది."

మల్లీశ్వరి కళ్లనిండా నీళ్లు. చెప్పాల్సిన మాట చిన్నదే, వినాల్సిన మనిషి లేదు.

"ఏడ్వకమ్మా, పచ్చి బాలింతవు" అంది రిబ్కమ్మ. "ఆమె గుర్తు దాంట్లనే ఉంటది, సూడు. బట్ట మా బీరువకు తెచ్చినప్పుడల్లా మెడపట్టీ లోపల ఒక్క ఎర్రదారం కుట్టు ఏస్తుండె. ఒక్కో కుట్టుకు ఒక్కో బిడ్డని లెక్క."

మల్లీశ్వరి పాప నిద్ర చెదరకుండా మెల్లగా మెడపట్టీ తిప్పింది.

కుట్లు రెండున్నాయి: ఒకటి ఎర్రగా, కొత్తగా, ఇంకొకటి రంగు వెలిసి, ఆరేళ్ల కింద ఇదే దవాఖానలో సంతోషికి తొలి బట్టగా ఆ అవ్వే పంపిననాటిది.