ఆదివారం ముక్క

"ఘోరం జరిగిపోయిందిరా," అంటూ అక్క గడియారాల దుకాణంలోకి వచ్చి స్టూలు మీద కూలబడింది.

తమ్ముడు కంటికి పెట్టుకున్న భూతద్దం తీయలేదు. విప్పిన చేతిగడియారంలోంచి వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో పైకి తీస్తున్నాడు.

"ఎవరు పోయారు?"

"కేకు పోయింది. అరకేజీ కేకు. పేరు తప్పు రాశామని ఎవరో తిప్పి పంపేశారు. ఒక్క ముక్కతో ఆపేద్దామనుకున్నాను. తీరా చూస్తే పెట్టెలో ఆ పేరు కూడా మిగల్లేదు."

"తప్పు పేరే కదా. పోనీలే."

"నవ్వకురా!" అంది అక్క. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్క పనిచేసేది బేకరీలో. క్రీముతో గులాబీలు వేయడంలో ఆమె పెట్టింది పేరు. అలాంటి మనిషిని పట్టుకుని, ఆపరేషన్ జరగాలంటే పన్నెండు కిలోలు తగ్గి డెబ్బై రెండుకి రావాలని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఎప్పుడైనా ఒక ముక్క తింటే ఏమీ కాదని కూడా చెప్పింది గానీ, ఆ రెండో మాట అక్క చెవికెక్కలేదు. మూడు వారాలు తీపి ముట్టలేదు. వేలికి క్రీము అంటినా పరుగెత్తికెళ్ళి కడిగేసుకునేది. ఆ పట్టుదలంతా ఈవేళ అరకేజీ కేకు ముందు చేతులెత్తేసింది.

తమ్ముడు భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎలా తిన్నావు? కూర్చునా, నిలబడా?"

"గోదాములో... గోడ వైపు తిరిగి."

"అదీ సంగతి. దాన్ని తినడం అనరు, సాక్ష్యం మాయం చేయడం అంటారు. ఇక నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇక్కడికి రా. నీకు బాగా ఇష్టమైన ముక్క ఒకటి తెచ్చుకో. దర్జాగా కూర్చుని, ప్లేటులో పెట్టుకుని, చెంచాతో తిను. తినేటప్పుడు నీ నోట్లోంచి 'తప్పు' అన్న మాట వచ్చిందో, వీధి చివరి దాకా వినపడేలా పాట పాడాలి."

"నా పాటా?"

"అందుకే అది శిక్ష."

మొదటి ఆదివారం అక్క రెండుసార్లు పాడింది. రెండో పాటకి ఎదురుకొట్టు దర్జీ కుట్టు మిషను ఆపి బయటికొచ్చాడు.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని అడిగి, సంగతి తెలిశాక తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. "వారంలో మూడు రోజులు కొట్టు మూసేస్తావు. తెరిచిన రోజున ఈ గోలా! ఇంత బద్ధకస్తుణ్ణి నేనెక్కడా చూడలేదయ్యా."

"ఏం చేయను దర్జీగారూ, ఒళ్ళు వంగడం లేదు," అని నవ్వాడు తమ్ముడు.

"నువ్వూ ఓ చెంచా తినరా," అని అక్క ప్లేటు జరిపింది.

"నాకు చాక్లెట్ పడదు. నువ్వు కానీ."

వారాలు గడిచాయి. పొద్దస్తమానం కేకుల మధ్య నిలబడినా అక్క చేయి ఇప్పుడు అటు పోవడం లేదు. 'ఆదివారం ఉందిగా' అనుకుంటే చాలు, మనసు నెమ్మదించేది. పొద్దున్నే గంటసేపు నడిచేది. ఇంటికి లిఫ్టు మానేసి మెట్లెక్కేది. బరువు చూసే మెషీను మీద ముల్లు మెల్లమెల్లగా వెనక్కి నడిచింది. డెబ్బై నాలుగు దగ్గరికొచ్చి మొండికేసింది.

ఆ ఆదివారం అక్క ఉత్త చేతులతో వచ్చింది.

"ముక్కేదీ?"

"ముక్కా లేదు, గిక్కా లేదు. రెండు వారాలుగా ముల్లు కదలట్లేదు. రేపటి నుంచి మంచినీళ్ళే."

"వారానికో ముక్క వల్ల ముల్లు ఆగిపోయిందా? మరి నువ్వెక్కిన మెట్లన్నీ ఏ గంగలో కలిశాయి?"

"వేళాకోళం కాదురా. ఆపరేషన్ ఆలస్యమైపోతోంది."

"అవనీ. వారం అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు."

అక్క అతని మొహంలోకి చూసింది.

"ఆ మాట నువ్వనకు."

"నేనే అంటాను. పస్తులుండి కళ్ళు తిరిగి పడ్డావంటే వారం కాదు, నెలలు పోతాయి. కూర్చో, వస్తున్నా."

అతనే లేచి వెళ్ళాడు. బేకరీ నాలుగు కొట్ల అవతలే. అయినా ప్లేటుతో తిరిగొచ్చేసరికి ఆయాసపడుతూ గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"బరువు తగ్గాల్సింది మీ అక్కా, నువ్వా?" అని దర్జీ అవతలి నుంచి కేకేశాడు. "చూస్తే పుల్లలా ఉన్నావు!"

అక్క ముక్క అందుకుంది. మొదటి చెంచా ఏడుస్తూనే తింది. మూడో చెంచాకి ముక్కు ఎగబీల్చడం ఆపింది. చివరి చెంచాకి నవ్వు మొహం పెట్టింది.

"ఎలా ఉంది?"

"తప్ప..."

"పాట!"

"తప్పకుండా బాగుంది అనబోయాను! పూర్తిగా విని చావవేం?"

ఎదురుకొట్టులో దర్జీ అప్పటికే కిటికీ మూసేశాడు.

ఇంకో ఐదు వారాలకి డాక్టరమ్మ అక్కని మెషీను ఎక్కించింది. దించి, మళ్ళీ ఎక్కించింది. డెబ్బై ఒకటీ తొమ్మిది వందలు.

"నిజం చెప్పండి. మధ్యలో తీపి ఏమైనా తిన్నారా?"

పాత అక్కయితే నేల చూపులు చూసేది.

"ప్రతి ఆదివారం తిన్నాను డాక్టరుగారూ. కూర్చుని, చెంచాతో."

పక్కనే నిలబడ్డ తమ్ముడు పైకప్పు వైపు చూస్తూ నవ్వాపుకున్నాడు. డాక్టరమ్మ కాగితం మీద సంతకం చేసి, వచ్చే బుధవారం అని తేదీ వేసింది.

ఆ బుధవారం, అక్క కిడ్నీల్లో ఒకటి తమ్ముడి ఒంట్లో పని మొదలుపెట్టింది.