వెనక్కి తిరిగిన టవరు

మా చిన్న తోడల్లుడు పది దేశాల్లో ఆఫీసులున్న కంపెనీలో టై కట్టుకుని బిల్డింగులు గీస్తాడు. నేను అదే ఆఫీసులో అట్టలు కోసి ఆ బిల్డింగుల నమూనాలు అతికిస్తాను. మా అత్తగారి నోట మాత్రం ఆయనొక్కడే అల్లుడు.

నది ఒడ్డు టవరు నమూనా చూడ్డానికి కట్టించేవాళ్లు వస్తున్న పొద్దున, నా కడుపుమంట ఆగలేదు. టవరు ఊడబీకి, వెనక్కి తిప్పి అతికించాను. గుమ్మం రోడ్డును వదిలేసి నది వైపు తిరిగింది.

వాళ్ల పెద్దాయన వంగి చూసి, "నదికెదురుగా గుమ్మమా! ఎవరిదయ్యా ఈ ఆలోచన?" అన్నాడు.

తోడల్లుడు నా వైపు చూశాడు. "నాదే సార్!"

పని మా కంపెనీకే దక్కింది. తోడల్లుడికి ప్రమోషనొచ్చింది. నిజం కక్కితే నా ఉద్యోగం ఊడుతుంది.

ఇంటికెళ్తే మా ఆవిడ మూతి విరిచింది. "మా మరిది బుర్రే బుర్ర! అదే మీరైతేనా, ఎలా గీస్తే అలాగే అతికించేవారు."