అందరికీ కనపడిన చందమామ

“లిస్టులో పేరు లేదు. నన్నేం చేయమంటావప్పా?” బడి గేటుకు అడ్డంగా నిలబడి అన్నాడు వాచ్‌మన్ ఓబులేసు.

“లిస్టులో పేరు లేకపోతే మనిషే లేడా?” మాబూబీ గేటు ఊచలు పట్టుకుని ఊపింది. “ఆ టెలిస్కోపు చేసింది మా ఆయన. బోరు పైపు కోసింది ఈయన. అద్దం మూన్నెల్లు అరగదీసింది ఈయన. ఈయన్నే రానీయవా?”

ఓబులేసు ఇమామ్ చేతుల వైపు చూశాడు. “ఆ నల్ల వేళ్లతోనా పెద్దోళ్ల ముందరికి పోయేది? కడుక్కోనన్నా రాకూడదా?”

“కడిగితే పోయేది కాదన్నా. వెండి పూత మందు అంటుకుంటే వారం ఉంటాది,” అన్నాడు ఇమామ్. “నాకు స్టేజీ వద్దు. హెడ్మాస్టరు సారుకు ఒక్క మాట చెప్పాల. మైకులో చెప్పేది కాదు, చెవిలో చెప్పేది. బేగా పిలువు.”

“ప్రోగ్రాం అయినాక చెప్పుకో.”

“అయినాక చెప్పి ఏం లాభమన్నా?”

“శాలువా అయిపోతాదనా?” ఓబులేసు పకపకా నవ్వాడు.

మాబూబీకి ఒళ్లు మండింది. “బతిమాలొద్దు! నువ్వెందుకు బతిమాలాల?” అని మొగుడి చెయ్యి లాగింది. ఇమామ్ కదల్లేదు.

నంద్యాల పాలిష్ ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లుగా నాపరాళ్లకు నునుపు పెడుతున్న మనిషి ఇమామ్. “రాయి నున్నగా చేసే చేతులు గాజును చేయలేవా?” అని ఆళ్లగడ్డ బడి సైన్సు టీచరు భానుప్రియ అడిగితే ఒప్పుకున్నాడు. జానెడు వెడల్పు గాజు బిళ్లలు రెండు. ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యన తడి గరుకుపొడి వేసి, ఇనుప డ్రమ్ము చుట్టూ తిరుగుతూ రుద్దాడు. పై బిళ్ల గుంట పడుతుంది, కింది బిళ్ల ఉబ్బుతుంది. గుంట పడ్డ బిళ్లకు వెండి పూత పూస్తే అదే అద్దం.

“గొట్టం అడుగున అద్దం కూచుంటాది. చందమామ వెలుతురంతా పోగుచేసి పైకి పంపుతాది. ఆడ చిన్నద్దం దాన్ని పక్కకు తిప్పి మన కంట్లో వేస్తాది. ఇంగ మిగిలిందంతా ఉత్త పైపే,” అని కూతురు ఆర్షియాకు చెప్పాడు. ఆ పిల్ల అదే బడిలో ఎనిమిదో తరగతి. అందరికంటే ముందు తనే చూడాలని నాయన దగ్గర మాట తీసుకుంది.

ప్రారంభం ఆదివారమన్నారు. పైపులు కొనిచ్చిన కాంట్రాక్టరు జయప్రకాష్‌కు ఆదివారం కుదరదట. అంతే, దానికి ముందు బుధవారానికే మార్చేశారు. భానుప్రియ నంద్యాలలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది, అక్కడ ఫోను బయటే పెట్టించారు. ఇమామ్‌కు ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం మైకు ఆటో వీధిలో అరుచుకుంటూ పోతే తెలిసింది. చేసినవాడికి కబురు ఆటో మోసుకురావాలా!

సాయంత్రం అయిదైంది. నడినెత్తికి కాస్త తూర్పుగా అర చందమామ తెల్లగా ఉంది. తెల్ల రంగు పూసిన గొట్టాన్ని దానివైపు తిప్పారు. గొట్టం మీద జయప్రకాష్ పేరు అడుగెత్తున రాశారు.

“అద్దం జర్మనీ నుంచి తెప్పించినామండీ,” అన్నాడు జయప్రకాష్ మైకులో.

“జర్మనీనా!” గేటు బయట మాబూబీ అరిచింది. “మా ఇంటెనక రేకుల షెడ్డురా జర్మనీ!”

జయప్రకాష్ రిబ్బను కత్తిరించి, ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆనించాడు. “ఆహా! గుంటలు ఎంత స్పష్టంగా కనపడుతున్నాయి!” చప్పట్లు. హెడ్మాస్టరు వంగాడు. “కొండలు కూడా ఉన్నాయి సార్!” మళ్లీ చప్పట్లు. శాలువాలు కప్పుకున్న మరో నలుగురు చూసి, ఒకరిని మించి ఒకరు మెచ్చుకున్నారు.

“సార్! ఒక్క మాట సార్!” ఇమామ్ గేటు మీదుగా చెయ్యి ఊపాడు.

హెడ్మాస్టరు విసుగ్గా చూశాడు. “ఏందప్పా నీ గోల? నీకూ కప్పుతాంలే ఒక శాలువా!”

తర్వాత పిల్లల వరుస. మొదటివాడు జయప్రకాష్ కొడుకు. “సూపర్!” అన్నాడు. రెండోది ఆర్షియా. చాలాసేపు చూసింది. కన్ను మార్చి చూసింది.

“ఏం కనపడలేదు సార్. చీకటిగా ఉంది.”

హెడ్మాస్టరు ముఖం మాడిపోయింది. “ఇంతమంది పెద్దలకు కనపడింది నీకు కనపడలేదా? కావాలని చెప్తాండావా? పో, ఆ గోడకాడ నిలబడు!”

“మా పాప చెప్పేది నిజం సార్!” ఇమామ్ గొంతు చించుకున్నాడు. అప్పుడే మైకు పాట అందుకుంది. ఆ మాట ఎవరికీ వినపడలేదు.

వెనకున్న నలభై మంది పిల్లలూ గోడ దగ్గర నిలబడ్డ ఆర్షియాను చూశారు. నలభై మందికీ చందమామ కనపడింది.

ఇంటికి వచ్చేదాకా మాబూబీ తిడుతూనే ఉంది. “గొట్టం సరిగా తిప్పడం కూడా చేతకాని నా కొడుకులు! నా బిడ్డను దోషిని చేసి నిలబెడతారా? నువ్వేమో శాలువా కోసం కుక్క మాదిరి గేటుకాడ!”

“శాలువా ఎవరడిగినారు?”

“మరేం చెప్పాలని సచ్చినావ్ ఆడ?”

ఇమామ్ మంచం కింది పెట్టె లాగి, పాత లుంగీలో చుట్టిన మూట తీశాడు. ఇంకా ఏడుస్తున్న ఆర్షియా ఒడిలో మెల్లగా పెట్టాడు.

“కొత్త పూత, ఆదివారానికని పూసినా. వేలు తగలనీయొద్దు,” అన్నాడు.

ఆర్షియా లుంగీ మడతలు విప్పింది.

టెలిస్కోపు అద్దం ఇంట్లోనే ఉంది.