వెతుకులాట

రిసెప్షన్‌కు తీసుకెళ్లే కారు కింద ఆగి ఉంది. బీరువా తాళంచెవి కనబడక ప్రవల్లిక ఇల్లంతా తిరుగుతోంది. పెట్టుకుంటే వెతుకుతున్న వస్తువు దానంతటదే మెరిసి కనిపించే కళ్లజోడును మాత్రం సోఫాలో పడేసింది.

"పెట్టుకో, క్షణంలో దొరుకుతుంది," అన్నాడు భర్త మధుకర్.

"అందుకే వద్దు. చిన్నప్పుడు కంప్యూటర్ ఆటలో ఒక్క తలుపు కోసం గదిలో ఉన్నవన్నీ మౌస్‌తో నొక్కి చూశాను. మూడు రోజులు పట్టినా విసుగు రాలేదు. ఇప్పుడు వెతకబోయేలోపే అన్నీ దొరికేస్తున్నాయి. దేనిమీదా మనసు నిలవడం లేదు."

దిండ్లు ఎత్తింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది.

మధుకర్ కూడా అలాంటి కళ్లజోడే పెట్టుకున్నాడు. అందులో తాళంచెవి ఆమె బొడ్లో దోపుకున్నచోటే మెరుస్తోంది.

"మీకేమైనా కనబడిందా?"

"లేదు." అతను కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, కింద ఉన్న కారును ఫోన్‌ చేసి పొమ్మన్నాడు. "బాల్కనీలో చూద్దాం పద."