తెలుగు కామెంట్రీ

కేబుల్ వైరును నిలేష్ తన చేత్తోనే కత్తిరించాడు.

ముక్కను ఉండచుట్టి గల్లీలోకి విసిరేశాడు.

"గల్లీ గల్లీ అంతా కేబులే చూస్తున్నది. నీకొక్కనికి ఏమొచ్చిందిరా?" అంది తల్లి నర్సమ్మ.

"గల్లీ అంతా ఏడుపు సీరియళ్లు చూస్తది. నేను చూసేది కేబుల్ల రాదమ్మా."

అతను చూసేది అమెరికా బాస్కెట్‌బాల్. అక్కడ రాత్రి ఆడే మ్యాచ్ సోలాపూర్‌కు పొద్దున్నే వస్తుంది. అశోక్ చౌక్ వెనక మరమగ్గాల సాంచాలు చప్పుడు మొదలుపెట్టే వేళకు నిలేష్ ఇంట్లో టీవీ నెట్‌కు కలిసి ఉంటుంది.

యాప్‌లో ఇంగ్లీషు, హిందీ, తెలుగు, ఏ కామెంట్రీ అయినా పెట్టుకోవచ్చు. నిలేష్ తెలుగే పెట్టేవాడు. సంతోష్ అనే కామెంటేటర్ గొంతు బంతి కంటే ముందు ఉరికేది. చాయ్ హోటల్లో దోస్తుల ముందు నిలేష్ ఆ గొంతును అనుకరించేవాడు.

కొన్నాళ్లకు ఎదురు ఖోలీలోకి ఒకామె అద్దెకు దిగింది. బీడీలు చుట్టే ఆమె. ఒంటరిది.

ఒక పొద్దున చాట పట్టుకొని వచ్చి నిలేష్ ఇంటి గడప పక్కన కూర్చుంది.

"ఏంది మౌశీ?" అన్నాడు నిలేష్, గల్లీలో పిన్నమ్మ వరసవాళ్లను పిలిచినట్టే.

"ఏం లేదు తమ్మీ. ఆవాజ్ జర పెంచుతవా?"

నిలేష్‌కు నవ్వొచ్చింది. "ఈ ఆట సమజైతదా నీకు?"

"కాదు."

"మరేం చూస్తవ్?"

"చూస్తలేను. వింటున్న."

నిజంగానే ఆమె టీవీ వైపు చూసేది కాదు. తల వంచి ఆకు కత్తిరించేది, పొగాకు నింపేది, దారం చుట్టేది. స్టేడియం మొత్తం లేచి అరిచినా తలెత్తేది కాదు. కామెంటేటర్ దగ్గితే మాత్రం ఎత్తేది.

పిచ్చిది అనుకున్నాడు నిలేష్.

ఆమె రోజూ రాసాగింది. ఇల్లంతా పొగాకు వాసన. మ్యాచ్ చూడడానికి వచ్చే విశాల్ ఆమెను దాటుకుని లోపలికి వస్తూ ముక్కు మూసుకునేవాడు.

"ఎవర్రా ఈమె? మీ టీమ్ కోచా?"

"ఫుకట్ పబ్లిక్," అన్నాడు నిలేష్, ఆమెకు వినపడేట్టుగానే.

ఆమె చాటను ఇంకొంచెం పక్కకు జరుపుకుంది.

"తమ్మీ, రేపు గూడ ఈ పిలగాడే మాట్లాడుతడా?" అని అడిగింది ఒకనాడు.

"ఏం, పిల్లనిస్తవా?"

విశాల్ పగలబడి నవ్వాడు. ఆమె తల దించుకుంది. మరునాడు మళ్లీ వచ్చింది.

రావద్దని మొహం మీద చెబితే తల్లి ఊరుకోదు. నిలేష్ వేరే ఉపాయం ఆలోచించాడు. ఆమె చాటతో గల్లీ దాటుతుండగానే కామెంట్రీని ఇంగ్లీషుకు మార్చేశాడు.

ఆమె తలెత్తి టీవీ వైపు చూసింది.

"తెలుగుది పెట్టవా, తమ్మీ?"

"తెలుగుది బంద్ అయింది మౌశీ."

"ఆ పిలగాడు?"

"తీసేసిండ్రు."

ఆమె చేతిలో దారం ఆగింది. "ఎందుకు? మంచిగనే చెప్తుండె గద."

"నాకేం తెలుసు. పనికిరాడని పంపించిండ్రు."

ఆమె ఆకులన్నీ చాటలోకి ఎత్తుకుంది. గడప మీద రాలిన పొగాకును చీర కొంగుతో తుడిచి వెళ్లిపోయింది.

నిలేష్ ఆవాజ్ తగ్గించి మళ్లీ తెలుగు పెట్టుకున్నాడు.

మరునాడు ఆమె రాలేదు. ఆ తర్వాత ఎదురు ఖోలీకి తాళం పడింది.

"పాపం, ఆమె పోయేటప్పుడు..." అని నర్సమ్మ ఏదో చెప్పబోయింది.

"పోనీయమ్మా. పీడ పోయింది."

ఫైనల్ మ్యాచ్ నాడు ఇల్లంతా దోస్తులే. ఆట ముగిసింది. గెలిచిన జట్టు కప్పు ఎత్తింది. సంతోష్ గొంతు మాత్రం ఎందుకో మెల్లబడింది.

"ఈ సీజన్‌కు సెలవు తీసుకునే ముందు ఒక్క సొంత మాట చెప్పుకుంటాను. చిన్నప్పుడు నాకు నత్తి. బడిలో నా పేరు నేను చెప్పలేకపోయేవాణ్ణి. సోలాపూర్ భవాని పేట్‌లో మా అక్క బీడీలు చుట్టుకుంటూ నన్ను కిటికీ దగ్గర నిలబెట్టేది. 'నేను పనిల ఉన్న, చూడలేను. గల్లీల ఏమైతున్నదో నువ్వు చెప్పరా' అనేది. ఎవరు పోతున్నారో, ఎవరి సైకిల్ మీద ఎవరున్నారో చెప్పేవాణ్ణి. ఎంత తడబడినా ఒక్కసారి కూడా నవ్వలేదు. ఒక మాట మీద కోపం తెచ్చుకొని ఆమెను వదిలి వచ్చేశాను. తిరిగి వెళ్లేసరికి ఆ గదిలో వేరేవాళ్లు ఉన్నారు. మా అక్క పేరు సీతాబాయి. ఎవరికైనా తెలిస్తే, దయచేసి నాకు చెప్పండి."

"అరే, సంతోష్ మన సోలాపూరోడేరా," అన్నాడు విశాల్ సంబరంగా.

నిలేష్ తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, ఎదురు ఖోలీ మౌశీ పేరేంది?"

"సీతాబాయి," అంది నర్సమ్మ. "వాని గొంతు ఇనపడ్తున్నది, సుఖంగున్నడు, నాకది చాలు అనుకున్నదట ఇన్నొద్దులు. యాడ ఉంటడో తెల్వకున్నా దేవులాడి తెచ్చుకుంటనని హైదరాబాద్ బండెక్కింది, తమ్ముణ్ణి పనికిరాడని తీసేసిండ్రని ఎవరో చెప్పిండ్రట."