తలుపు కొడుతున్న దొంగ

"మీలోనే ఉన్నాడు దొంగ! తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బుద్ధులు మీవి!"

మేనేజరు కేకలకి చేపల ప్యాకింగ్ హాలు అదిరింది. పదింటికి పని ఆపించి ముప్పైమందినీ గోడవారన నిలబెట్టాడు. ఇప్పుడు పదకొండున్నర. ఎవరూ కాలు కదపడానికి లేదు. అర్జీ చదవడానికి ఏనాడూ తీరిక దొరకని మనిషికి ఇవాళ గంటన్నర దొరికింది. గోడవతల ఫ్రీజర్ మోటారు రొద తప్ప మరో చప్పుడు లేదు.

టెక్నీషియన్ ల్యాప్‌టాప్ ముందు చెమటలు కక్కుతున్నాడు. ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌కి ఎవరో దొంగచాటుగా ఏదో పరికరం తగిలించారు. మధ్యాహ్నంలోగా అది ఎవరిదో తేల్చకపోతే అతని ఉద్యోగం గోవిందా.

"రోజూ ఎనిమిదింటికి ఒక్క క్షణం వచ్చి పోతోంది సార్. ఇవాళ తొమ్మిదింటికి దారి మూసేశాను."

"మూశాక?"

"పదీ పది నుంచి తలుపు కొట్టడం మొదలెట్టింది సార్. అంటే, లోపలికి రానిమ్మని అడగడం. అరవై మూడుసార్లు."

"ఎంత పొగరు! కొట్టుకోనీ. అవునూ, పెద్దక్క ఏదీ?"

వరసలో పెద్దక్క లేదు. ఆమె టిఫిన్ డబ్బా కిటికీలో ఉంది.

"చెప్పులు కూడా ఇక్కడే ఉన్నాయి సార్."

"చెప్పులొదిలేసి పరిగెత్తిందన్నమాట! నేననుకుంటూనే ఉన్నా. గ్లౌజులు చిరిగాయంటుంది, గడియ ఊడిందంటుంది, కూర్చోడానికి బల్ల లేదంటుంది. నెలకి మూడు అర్జీలు! ఇప్పుడు మన గుట్టు బయటికి మోస్తోంది."

టెక్నీషియన్‌కి ప్రాణం లేచొచ్చింది. దొంగ దొరికింది. ఉద్యోగం నిలిచింది.

అంతవరకూ పని పోతుందన్న భయంతో నోరు కుట్టేసుకున్న పెద్దక్క తోటికోడలు, వరస దాటి ముందుకొచ్చింది. చేతిలో ఫోను. అది పొద్దున ఎనిమిదింటికి మోగింది, మళ్లీ మోగలేదు.

"తమ్ముడూ, ఇంకా కొడుతోందా?"

"లేదక్కా. పావుగంటగా ఆగిపోయింది."

మేనేజరు నవ్వాడు. "దొంగకి బుద్ధొచ్చినట్టుంది."

"నీ నోట్లో మన్ను పడ! ఊడిన లోపలి గడియ మీరు బాగుచెయ్యరని తెలిసే, నొక్కితే నా ఫోను మోగే ఆ బెల్లు మేం పెట్టుకున్నాం, లోపల!" ఆమె టెక్నీషియన్ చొక్కా పట్టి లేవదీసింది.

"ఫ్రీజర్ గది తలుపు తియ్యండి!"